జీర్ణోద్ధరణమా, ఆదేశమా?

పాత కారు బంపరుకున్న రబ్బరు పట్టీ జీర్ణమైతే ఏమి చేయాలన్నది చూడటానికి అల్పవిషయమే. అయినా ఒక వస్తువును బాగుచేయడమంటే ఏమిటన్న పెద్ద ప్రశ్న ఆ చిన్న పట్టీ వెనుక ఉన్నదని నా అభిప్రాయం.

నా వద్ద 1984 నాటి అంబాసిడర్ మార్క్ 4 ఉన్నది. దాని బంపరుకూ, బంపరుపై నిలువుగా నిలిచే రెండు కొమ్ములకూ నడుమ సన్నని రబ్బరు పట్టీలున్నాయి. ఈ కొమ్ములనే మెకానిక్కులు ఓవర్‌రైడర్లంటారు. లోహము లోహముతో ఒరుసుకొనకుండా, కుదుపులకు చప్పుడు రాకుండా చూడటం పట్టీల పని. ఎండకూ, గాలిలోని ఓజోనుకూ రబ్బరు క్రమంగా గట్టిపడి నెర్రెలు విచ్చుతుంది. ఆ నెర్రెలలో వాన నీరు నిలుస్తుంది. పైకి తళతళలాడుతున్న క్రోము పూతకు వెనుకనుండి తుప్పు పట్టనారంభిస్తుంది. కనుక పట్టీ మార్చడం కేవలం అలంకారం కాదు, బంపరుకు ఆయుర్దాయం.

సికింద్రాబాదులో ఇటువంటి వెదుకులాటకు మోండా మార్కెట్టు ప్రాంతమే దిక్కు. కూరగాయల గంపలనూ, పాత్రల దుకాణాలనూ దాటి రాణీగంజ్ వైపు నడిస్తే మోటారు విడిభాగాల అంగళ్లు వరుసగా కనిపిస్తాయి. అక్కడ ఒక దుకాణదారు నా చేతిలోని తునకను చూసి, “ఈ పట్టీ ఇప్పుడెక్కడ దొరుకుతది సార్? బంపరే తీసేసి ఫైబర్‌ది వేద్దాం, కొత్త బండి లెక్క ఉంటది” అన్నాడు. మరొకాయన ముందు ఒక ఇనుప గార్డు బిగిస్తే లోపం కనబడదన్నాడు. ఇద్దరి సలహా సదుద్దేశంతోనే వచ్చినది. రెండింటితోనూ నాకు విభేదమే.

వ్యాకరణం చదివినవారికి ఒక పాత మాట తెలిసే ఉంటుంది. ఆగమం మిత్రుని వలె ప్రక్కన వచ్చి కూర్చుంటుంది. ఆదేశం శత్రువు వలె ఉన్నదానిని తొలగించి ఆ స్థానంలో తాను నిలుస్తుంది. పట్టీ చెడితే పట్టీకి ఆదేశం రావడం న్యాయమే. పట్టీ చెడినదని బంపరుకే ఆదేశం తేవడం ఏ సూత్రానికీ ఒదగదు. ఇక ఆ గార్డు మిత్రుని వేషంలో వచ్చే ఆగమం. ఢీకొన్నప్పుడు ఎదుటి పాదచారికీ, లోపల కూర్చున్నవారికీ ప్రమాదమని 2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ అట్టివానిపై చర్య తీసుకొమ్మని రాష్ట్రాలకు వ్రాసింది.

అదే మార్కెట్టులో ఇత్తడి గిన్నెలు చూసినప్పుడు మా తల్లిగారి వంటిల్లు గుర్తుకు వస్తుంది. కళాయి పోయిందని గిన్నెను పారవేసిన ఇల్లాలిని నేనెరుగను, కళాయి వేయించేవారు. బంపరు సంగతీ అంతే. ఉక్కు మీద నికెలు, దాని మీద అతి పలుచని క్రోము. పూత చెడితే మరల పూత పూయించవచ్చు. ఆ పనిలో వాడే రసాయనాలు విషతుల్యం కనుక వ్యర్థాలను శుద్ధిచేసే చోటనే చేయించడం మన ధర్మం.

పట్టీకి నా మార్గమిది. తుప్పుపట్టిన బోల్టులను చొచ్చుకొనిపోయే నూనెలో నాననిచ్చి, తొందరపడక విప్పాలి. వెనుకనున్న తుప్పును గీకి ప్రైమరు పూయాలి. పాత తునక అడ్డుకోత ఆకారాన్ని కొలిచి, దానికి సరిపోయే ఈపీడీఎం రబ్బరు కోయించాలి. మామూలు రబ్బరుకన్న అది ఎండకూ ఓజోనుకూ బాగా ఓర్చుకుంటుంది. బిగించేటప్పుడు గ్రీజు వద్దు, సబ్బు నీరు చాలు. పెట్రోలియం నూనెలు ఈపీడీఎంను ఉబ్బించి పాడుచేస్తాయి.

ఇంత శ్రమ ఎందుకని అడుగవచ్చు. ఉత్తర్‌పారా కర్మాగారంలో అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. ఉన్నవి తరగడమే కాని పెరగడం లేదు. ఏభై ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న వాహనాలకు వింటేజి నమోదు కల్పిస్తూ 2021లో నిబంధనలు వచ్చాయి. నా బండికి ఆ వయసు 2034లో నిండుతుంది. ఆ నిబంధన చాసిస్, బాడీ, ఇంజను మార్పులను పేర్కొంటుందే తప్ప బంపరు పట్టీ ఊసెత్తదు. కానీ అసలు రూపమనేది ఒక్కరోజులో పోదు; ఈ ఏడు బంపరు, పై ఏడు గ్రిల్లు, ఆపైన దీపాలు. ప్రక్షిప్త పద్యాలు ఒక్కొక్కటే చేరి చివరకు కవి ఎవరో తెలియకుండా పోయినట్లే ఇదీను.

చౌమహల్లాలోని నిజాము రోల్స్ రాయిస్‌ను కాపాడటానికి సంస్థానపు వారసత్వమున్నది. బడిపంతులు అంబాసిడర్‌కు ఉన్నది బడిపంతులే. కనుక మీలో ఎవరి ఇంటనైనా పాత బండి ఉంటే, ఊడివచ్చిన పట్టీని ఎంత శిథిలమైనా పారవేయకండి. కాగితంలో చుట్టి, ఏ సంవత్సరపు బండిదో, ఏ భాగానిదో వ్రాసి దాచండి. రేపు మరొకరు రబ్బరు కోయించుకోవడానికి అదే మాతృక అవుతుంది.