క్యాబినెట్‌తో ఫ్రీగా వచ్చే ఎస్‌ఎంపీఎస్ మాకొద్దు

కంప్యూటర్ షాపుల వాళ్ళ మీదా, మన ఇళ్ళలో ఉండే మగ సలహాదారుల మీదా నాకు ఒకటే ఫిర్యాదు. పిల్లలకి గేమింగ్ కంప్యూటర్ కొంటామని వెళ్తే కొటేషన్ రాసిస్తారు కదా, అందులో అన్నిటికన్నా అడుగున "క్యాబినెట్ విత్ ఎస్‌ఎంపీఎస్" అని ఒక్క లైను ఉంటుంది. ఎదురుగా ఏ రెండు వేలో వేసి ఉంటుంది. గ్రాఫిక్స్ కార్డు గురించి అరగంట మాట్లాడిన మనిషి ఆ లైను దగ్గరికి రాగానే "అది మామూలే మేడమ్, క్యాబినెట్‌తో ఫ్రీ" అనేస్తాడు. మామూలేమీ కాదండీ. మిగతా నలభై వేల సామానుకీ కరెంటు వెళ్ళేది ఆ ఫ్రీ డబ్బాలోంచే.

తెలియని వాళ్ళ కోసం చెప్తున్నాను. గోడలోంచి వచ్చేది 230 వోల్టుల ఏసీ. కంప్యూటర్ లోపల భాగాలకి కావలసింది 12, 5, 3.3 వోల్టుల డీసీ. దాన్ని దీనిగా మార్చి అందరికీ పంచేదే ఎస్‌ఎంపీఎస్. ఇప్పటి కంప్యూటర్లలో ఎక్కువ కరెంటు తినేవి ప్రాసెసరూ, గ్రాఫిక్స్ కార్డూ. ఆ రెండూ బతికేది 12 వోల్టుల లైను మీద. కాబట్టి డబ్బా మీద ఇంతేసి అక్షరాలతో వేసిన వాట్లు చూడకండి. పక్కన అంటించిన స్టిక్కరులో చిన్న పట్టీ ఉంటుంది. అందులో 12 వోల్టుల దగ్గర ఎన్ని ఆంప్స్ అని రాశారో చూసి, పన్నెండుతో గుణించండి. అదీ దాని అసలు సత్తా.

మాకు ఒక షాపులో చూపించిన దాని మీద 500 వాట్లు అని ఉంది. పట్టీలో 12 వోల్టుల ఎదురుగా 16 ఆంప్స్. పన్నెండు పదహార్లు నూట తొంభై రెండు. పాలప్యాకెట్ మీద లీటరని వేసి నాలుగొందల మిల్లీలీటర్లు కూడా పొయ్యకపోతే మనం ఊరుకుంటామా? పక్కనే ఉన్న కంపెనీ 450 వాట్ల దాని మీద అదే చోట 36 ఆంప్స్ ఉంది, అంటే 432. 450 అని రాసినది 432 ఇస్తోంది, 500 అని రాసినది 192 ఇస్తోంది. ఇదే మాట షాపతన్ని అడిగితే నన్ను కాకుండా మా ఆయన్ని చూసి నవ్వాడు. "మేడమ్ చాలా డీప్‌గా వెళ్తున్నారు సార్" అన్నాడు. మిక్సీ వాట్లు, గీజరు లీటర్లు, ఫ్రిజ్ మీద నక్షత్రాలు, అన్నీ ఇరవై ఏళ్ళుగా చదువుతున్నది నేను. మా ఆయనకి ఇంట్లో మెయిన్ స్విచ్ ఎక్కడుందో చెప్పడానికి ఇప్పటికీ ఒక నిమిషం పడుతుంది. లేబుల్ చదవడం తెలిసినవాళ్ళని బల్ల మీద కూర్చోబెట్టి, తెలియనివాళ్ళతో బేరం మాట్లాడే ఈ పద్ధతి ఏమిటో నాకు అర్థం కాదు.

ఇంట్లో మా మరిది ఉన్నాడు. వాడి వాదన వేరు. "మీకెందుకొదినా ఇవన్నీ, ఎస్‌ఎంపీఎస్ మీద పెట్టిన రూపాయికి ఒక్క ఫ్రేము కూడా ఎక్కువ రాదు, ఆ డబ్బులు కార్డు మీద పెట్టండి" అంటాడు. ఫ్రేములు రావన్నమాట నిజమే. గోడల్లో మంచి వైరింగు వేయించినంత మాత్రాన ఇల్లు అందంగా కనపడదు కూడా. అందుకని హాల్లో గ్రానైటు వేసి, గోడలో నాసిరకం వైరు వేయిస్తామా? (వేయించే వాళ్ళున్నారు, ఆ కథ ఇంకోసారి.) పైగా లోకల్ డబ్బాల్లో చాలావాటికి, ఎక్కువ లోడు పడినా షార్టయినా తనంతట తాను ఆగిపోయే రక్షణ సరిగ్గా ఉండదు. అది పోయేటప్పుడు ఒక్కతే పోదు. వెళ్ళకూడని వోల్టేజి బోర్డులోకి వెళ్తే మదర్‌బోర్డునీ, కార్డునీ కూడా తీసుకుపోతుంది. మా తోటికోడలి తమ్ముడి ఇంట్లో పోయినేడు మే నెలలో జరిగింది ఇదే. టప్‌మని శబ్దం, కాలిన వాసన, అంతే. రెండువేల డబ్బా పోతూ పోతూ బోర్డునీ కార్డునీ పట్టుకుపోయింది. షాపుకి వెళ్తే దానికి "టెస్టింగ్ వారంటీ" మాత్రమే అన్నారట. అంటే కొన్న రోజు వెలిగితే చాలన్నమాట.

"పక్కింటి కుర్రాడిది నాలుగేళ్ళ నుంచి లోకల్‌దే నడుస్తోంది కదా" అని ఇంకో వాదన. ఆ కుర్రాడి కంప్యూటర్లో గ్రాఫిక్స్ కార్డే లేదు. ఎక్సెల్ షీట్లు చేసుకునే కంప్యూటర్ వంద వాట్లు కూడా తినదు. దానికీ దీనికీ పోలికేమిటి? మా పెద్దమ్మాయి కావాలన్న ఆర్‌ఎక్స్ 6600 కార్డు ఒక్కటే 132 వాట్లు. రైజెన్ 5 ప్రాసెసరు డబ్బా మీద 65 అని ఉన్నా, పని పడితే 88 దాకా లాగుతుంది. బోర్డు, ర్యామ్, ఫ్యాన్లు అన్నీ కలిపి ఇంకో యాభై వేసుకోండి. 270 అయింది. 192 ఇచ్చేదాని మీద 270 పెట్టమంటున్నారు.

అలాగని రెండో చివరకి పరిగెత్తే వాళ్ళ మాటా వినక్కర్లేదు. "గేమింగ్ అంటే 850 వాట్లు, గోల్డ్ ఉండాల్సిందే" అన్నవాళ్ళు కూడా తగిలారు. 270 తినేదానికి 850 దేనికి? గోల్డ్, బ్రాంజ్ అనేవి ఎంత కరెంటు వృథా కాకుండా మారుస్తుందో చెప్పే ముద్రలు. సగం లోడు మీద బ్రాంజ్ 85 శాతం, గోల్డ్ 90 శాతం. రోజుకి నాలుగు గంటలు ఆడినా ఆ తేడా నెలకి సుమారు రెండు యూనిట్లే. పైగా ఈ ముద్ర పొదుపు గురించే చెప్తుంది, లోపల రక్షణ ఎలా ఉందో చెప్పదు. అలాగే పెద్ద వాట్లది పెడితే కరెంటు బిల్లు పెరుగుతుందని మా అత్తగారు భయపడ్డారు. పెరగదు. లోపల ఎంత అవసరమో అంతే లాగుతుంది, పెద్ద గిన్నె పెట్టినంత మాత్రాన ఎక్కువ బియ్యం ఉడకవు.

మన ఇళ్ళ కరెంటు సంగతి ఈ సలహాలిచ్చేవాళ్ళెవరూ ఎత్తరు. ఫ్యాను రెక్క ఆగేలోపే పోయి వచ్చే కరెంటు మనకి అలవాటే. మంచి ఎస్‌ఎంపీఎస్ అలాంటి రెప్పపాటు కోతని లోపల దాచుకున్న కరెంటుతో దాటిస్తుంది. నాసిరకందైతే కంప్యూటర్ ఆగి మళ్ళీ మొదలవుతుంది, సేవ్ చెయ్యని ప్రాజెక్టు గోవిందా. ఇన్వర్టరు ఉన్నవాళ్ళు ఇంకొకటి కూడా చూసుకోవాలి. పాత స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ల మీద కొన్ని కొత్త ఎస్‌ఎంపీఎస్‌లు సరిగ్గా నడవవు, సైన్ వేవ్ అయితే గొడవ లేదు. కొన్ని చవక డబ్బాల వెనకాల 115, 230 అని ఎర్ర స్విచ్ ఒకటి ఉంటుంది. ఇంట్లో చిన్న పిల్లలుంటే అలాంటిది అసలు కొనకండి. దాన్ని 115కి తోసి ఆన్ చేశారంటే ఆ క్షణమే పేలుతుంది.

ఎర్తింగ్ గురించి కూడా చెప్పాలి. కంప్యూటర్ క్యాబినెట్ ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంటోందని చాలామంది అంటారు, "చెప్పులేసుకో" అని ఇంట్లో వాళ్ళు సలహా ఇస్తారు. చెప్పులతో తీరేది కాదది. ప్లగ్గులో మూడో పిన్ను ఉంటుంది, గోడలో మాత్రం దానికి ఎర్త్ వైరు కలిపి ఉండదు. పాత అద్దె ఇళ్ళలో ఇది మామూలు. ఎంత మంచి ఎస్‌ఎంపీఎస్ కొన్నా ఎర్త్ లేకపోతే ఆ జివ్వు పోదు. కంప్యూటర్ కొనకముందే ఎలక్ట్రీషియన్ని పిలిచి ఆ ఒక్క పాయింటు చూపించుకోండి. ఓనరు నసిగితే మీరే వేయించుకోండి.

మరి డబ్బు ఎక్కడ తగ్గించాలి అంటారా? చాలా చోట్లున్నాయి. అద్దం క్యాబినెట్టు, రంగురంగుల లైట్లు, ఎప్పటికీ వాడని సాకెట్లున్న ఖరీదైన బోర్డు. మా బడ్జెట్టు చీటీ పాడిన డబ్బు, నలభై ఐదు వేలు, అందులో ఒక్క రూపాయి కూడా పైకి జరగదు. మా మరిది లెక్కలో కార్డూ, అద్దం, లైట్లూ ఉన్నాయి, ఎస్‌ఎంపీఎస్ ఫ్రీ. మా అమ్మాయి తనే కూర్చుని వేరే లెక్క వేసింది. ఇప్పటికి గ్రాఫిక్స్ లోపలే ఉన్న రైజెన్ 5 5600జీ ప్రాసెసరు, ర్యామ్ ఒకటే 16 జీబీ కాకుండా 8, 8 రెండు, 500 జీబీ ఎన్‌వీఎంఈ, గాలి ఆడే జాలీ క్యాబినెట్టు, 550 వాట్ల బ్రాంజ్ ఎస్‌ఎంపీఎస్. విడిగా కార్డు లేనప్పుడు గ్రాఫిక్స్ కూడా ఆ ర్యామ్‌నే వాడుకుంటుంది కాబట్టి రెండు స్టిక్కులుంటే ఆటలో తేడా బాగా తెలుస్తుంది. వాలరెంట్, మైన్‌క్రాఫ్ట్ హాయిగా ఆడుతుంది, జీటీఏ ఫైవ్ అయితే సెట్టింగులు తగ్గించుకోవాలి. కార్డు తర్వాత. అది వచ్చిన రోజున ఎస్‌ఎంపీఎస్ మార్చక్కర్లేదు, అదీ దాని లెక్క.

"ఆడపిల్లకి గేమింగ్ కంప్యూటర్ ఎందుకు" అని అడిగినవాళ్ళున్నారు. మగపిల్లాడికి కొన్న ఇంట్లో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. వాడికి కొన్నప్పుడు "చదువుకి కూడా పనికొస్తుంది" అన్నారు, దీనికి కొంటుంటే "చదువు పాడవుతుంది" అంటున్నారు. అదే కంప్యూటర్, అవే ఆటలు. ఇది అడిగింది ఆడుకోవడానికే, నేను కొంటున్నదీ అందుకే. ఇంటర్ రెండేళ్ళు హాస్టల్లో తెల్లవారుజామున లేచి చదివిన పిల్ల ఆడుకుంటానంటే సాకు వెతుక్కోవాల్సిన పని నాకు లేదు.

కొనేటప్పుడు జీఎస్టీ బిల్లు తీసుకోండి. "బిల్లు లేకుండా అయితే పద్దెనిమిది శాతం తగ్గుతుంది" అనే మాట ఎక్కడైనా వినపడుతుంది, హైదరాబాద్ సీటీసీలో తిరిగినా, మీ ఊళ్ళో ఉన్న రెండు షాపుల్లో అడిగినా. మంచి ఎస్‌ఎంపీఎస్‌లకి మూడేళ్ళో ఐదేళ్ళో వారంటీ ఉంటుంది. రేపు అది అడగాలంటే బిల్లు కావాలి, దాని మీద సీరియల్ నంబరు ఉండాలి. "క్యాబినెట్ విత్ ఎస్‌ఎంపీఎస్" అనే లైను కొట్టేయించి, రెండూ విడివిడిగా, కంపెనీ పేరూ మోడల్ పేరూ వేయించి రాయించండి. రాయనంటే ఆ షాపు మెట్లు దిగి వచ్చెయ్యండి.

కార్డు దసరాకి కొందామనుకుంటున్నాం. సెకండ్ హ్యాండ్ అయినా ఫర్వాలేదమ్మా అంటోంది మా అమ్మాయి. పాత బిల్లూ, మిగిలిన వారంటీ చూపిస్తే నాకూ అభ్యంతరం లేదు. ఎస్‌ఎంపీఎస్ మాత్రం సెకండ్ హ్యాండ్‌ది ఎవరిచ్చినా, సొంత మేనమామ ఊరికే ఇచ్చినా, మా గుమ్మంలోకి రానివ్వను.