విస్తరి యెత్తని విందు

గృహప్రవేశమో, పుట్టినదినమో, వరపూజయో, ఏదో యొక శుభము పేర దావతు లేని వారము కరీంనగరమునందు గాని ఆదిలాబాదునందు గాని నేడు కనబడదు. వండించుటలో మనవారు దిట్టలు. వడ్డించుటలో నంతకంటె దిట్టలు. వలదన్నను కొసరి కొసరి తినిపించుటలో మనకు సాటి లేరు. ఇందుకు మేము సంతసింతుము. అతిథి నాదరింపని యిల్లు ఇల్లు గాదు. కాని కడపటి బంతి లేచిన పిమ్మట ఆ యింటి పెరటివైపు తిరిగి చూచినవా రెందఱు? అతిథులు తాంబూలములు గైకొని వెడలుదురు. గృహస్థు "కార్యము నిర్విఘ్నముగా జరిగినది" అని మేను వాల్చును. జరిగిన మాట నిజమే. ముగిసినదా యని మా ప్రశ్న.

వాకిట ఎంగిలి విస్తళ్లు, పెరట జిడ్డుపట్టిన గుండిగలు, నేలపై కాలి కంటుకొను పులుసు, మోరీలో కూరముక్కలు, వీనిని గూడ ఆ గృహస్థే కల్పించెను గదా! అన్నము పెట్టిన పుణ్యము తనది; ఆ యన్నము మిగిల్చిన మాలిన్యము మాత్రము పరులది! ఈ పంపకము న్యాయమా?

మేము బడిపంతులము. కొన్ని మాసముల క్రిందట మా తరగతిలోని యొక బాలిక రెండు దినములు బడికి రాలేదు. మూడవనాడు కారణ మడిగితిమి. "దావతింట్ల బాసండ్లు తోమవోయిన సారూ, మా అమ్మ కొక్కదానికి ఒడువలే" అని తల వంచుకొని చెప్పెను. ఆ పిల్ల వ్రేళ్లు పగిలి యుండెను. ఎవరి యింటి దావతని యడుగ నక్కఱలేకపోయెను. ఆ దావతులో మేమును భుజించితిమి. మందలింపబోయిన మా నోరు మూతపడెను. ఆఱు మొదలు పదునాలుగేండ్ల వఱకు గల బిడ్డకు విద్య హక్కని 2009వ సంవత్సరమున శాసనము పుట్టినది. మన దావతొకటి ఆ హక్కును రెండు దినములు మ్రింగినది.

పరులను నిందించుచు మమ్ము దాచుకొనుట తగదు. మేము క్రొత్తయిల్లు చొచ్చిన నాటి రాత్రి మిత్రులతో ముందఱి గదిలో గూర్చుండి స్త్రీవిద్యను గూర్చి వాదించితిమి. ఆ సమయముననే వెనుక దొడ్డిలో డెబ్బదియేండ్ల మా తల్లియు, మా యిల్లాలును గుండిగలు తోముచుండిరి. రాత్రి రెండు గంటలకు మా తల్లి నడుము పట్టుకొని లోనికి వచ్చుచు, "మీ మాటలు ఒడిసినయా బిడ్డా?" అనెను. ఆ ప్రశ్నలో నింద లేదు. అందువలననే నేటికిని అది మమ్ము విడువలేదు.

ఈ రోగమునకు మూలము సోమరితన మొక్కటియే గాదు. ఎంగిలి యను భావము. నోటిలోనికి పోవునంతవఱకు రుచియైన యన్నము, ఆకుపై మిగిలినంతనే అంటరానిదగుచున్నది. దాని నెత్తు మనుష్యుడును అట్టివాడే యగుచున్నాడు. బతుకమ్మ పండుగ మొదటినాటికే ఎంగిలిపూల పేరు పెట్టుకొన్న దేశము మనది! విస్తరి కడ మాత్రము ఆ మాట విని వెనుదీయుదుము. నిజాము రాజ్యమున దొరల గడీలలో శుభకార్యము జరిగినచో, చాకలి, మంగలి, కుమ్మరి మొదలు మాల మాదిగల వఱకు తమ పనులు విడిచి కూలిలేని చాకిరికి రావలసినదే. 1950లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగము 17వ అధికరణముచే అస్పృశ్యతను, 23వ అధికరణముచే వెట్టిని నిషేధించెను. అయినను 1978 సెప్టెంబరు 7న జగిత్యాలలో రైతుకూలీల జైత్రయాత్ర జరుగునాటికిని ఈ ప్రాంతపు ప్రజలు వెట్టికి వ్యతిరేకముగ గొంతెత్తవలసియే వచ్చెను. గడీలు పాడుపడినవి. గడీబుద్ధి మాత్రము మన మేడలలో కాపుర ముండలేదా?

"మేము కూలి యిచ్చుచున్నాము, ఇది వెట్టి యెట్లగును?" అని కొంద ఱందురు. కూలి యిచ్చి పని చేయించుకొనుట తప్పని మే మనము. కాని ముందుగా కూలి మాటాడుకొంటిరా? ఇంత పని, ఇన్ని గంటలని చెప్పితిరా? అతిథులతోపాటు వారికిని వేడియన్నము పెట్టితిరా, లేక చల్లారిన కూరను మూటగట్టి దానినే కూలిలో సగముగా లెక్కించితిరా? వీనికి సమాధానము చెప్పగలవారే కూలి మాట యెత్తవలెను.

"ఇవి ఆడువారి పనులు" అని మఱికొందఱు. ఆదిలాబాదు జిల్లా కేస్లాపూరు నాగోబా జాతరలో మెస్రం వంశపు గోండుల ఆడుబిడ్డలతోపాటు అల్లుండ్రును కోనేటినీరు తెచ్చి దేవుని పనిలో చేయి గలుపుదురు. మన యిండ్లలో అల్లుడు తాను త్రాగిన గ్లాసు నెత్తినచో అత్తగారికి తలవంపు! అడవివారని మనము చిన్నచూపు చూచువారియొద్ద మనకు నేర్వదగిన పాఠము లేదా?

"పాఱవేయు కంచములు వచ్చినవి, తోముడు బాధ తీరినది" అనువారు మూడవ తెగ. బాధ తీరలేదు, మన పెరటినుండి వీధికి మాఱినది. ఒక్కసారి వాడి పాఱవేయు ప్లాస్టికు కంచములు, గ్లాసులు, చెంచాలు 2022 జులై 1 నుండి దేశమంతట నిషిద్ధములు. అయినను దావతు మఱునాడు మోరీలో తేలునవి యవియే. అన్నముతో గలిపి సంచిలో మూటగట్టి విసరినదానిని వేకువజామున సఫాయి కార్మికురాలు విప్పవలెను. లేదా ఆకలిగొన్న యావు సంచితోగూడ మ్రింగవలెను. మోదుగాకు విస్తరియైనచో పేడకుప్పలో వేసిన ఎరువగును. ఆ చెట్టు మన యడవులలోనిదే; మఱచినవారము మనము.

భారతము నెఱిగినవారికి ముంగిస కథ క్రొత్త గాదు. కురుక్షేత్రమున పేద విప్రుడొకడు కుటుంబముతో పస్తుండియు తమ పేలపిండిని అతిథికి పెట్టెను. ఆ నేలపై మిగిలిన శేషమున పొరలగా ముంగిసకు సగము మేను పసిడియాయెను. ధర్మరాజు అశ్వమేధము ముగిసినచోట పొరలినను తక్కిన సగము మాఱలేదు. ముంగిస విందు గొప్పదనమును వంటకముల లెక్కచే గాక, నేలపై మిగిలినదానిచే గదా కొలిచెను! అది నేడు మన పెరటికి వచ్చి పొరలినచో దానికి బంగార మంటునా, జిడ్డంటునా?

కావున గృహస్థులారా, మేము కోరున దింతియే. కడపటి బంతి విస్తళ్లు ఇంటి మగవా రెత్తవలెను. ఎంగిలిపడని యన్నమును చల్లారకముందే పంచవలెను. గుండిగ ఖాళీయైన తోడనే నీరు పోసి నాననిండు. మఱునాటి కష్టము సగము తగ్గును. తడిచెత్తను పొడిచెత్తను వేఱుచేసి మీ చేతులతోనే యప్పగింపుడు. పనికి వచ్చినవారికి ముందే కూలి నిర్ణయించి, మీ బంతిలోనే యన్నము పెట్టుడు. వారి బిడ్డలను బడికి పంపుడు. ఇంతపని చేయలేనివారు పిలుపుల సంఖ్యను తగ్గించుకొనుడు. నలుగురికి పెట్టి నలువురి విస్తళ్లెత్తుట, నాలుగువందలమందికి పెట్టి ముఖము త్రిప్పుకొనుటకంటె మేలు.

మా యింట నిపుడు విందు జరిగిననాడు చీపురు మా చేత నుండును. మొదటిసారి చూచి యిరుగుపొరుగువారు నవ్విరి. మా తల్లి మాత్రము నవ్వలేదు; పీట వేసికొని ప్రక్కన గూర్చుండి, ఇంకను జిడ్డున్నచోటు వ్రేలితో చూపుచుండెను.