పద్నాలుగు రోజుల రిమాండు - రోజుకొక మాత్ర

గత డిసెంబరు 1వ తేదీన, ఎయిడ్స్ దినోత్సవ సందర్భమున, మన విద్యార్థులు ఉర్దూ, తెలుగు భాషలలో వ్రాసిన గోడపత్రికలను మేము శ్రద్ధగా చదివాము. రక్తదానము, సూదులు, వివాహపూర్వ పరీక్ష - వీటిని గూర్చి చక్కగా వ్రాశారు. జైలును గూర్చి మాత్రము ఒక్క వాక్యమైనా లేదు. తప్పు వారిది కాదు. తరగతిలో ఆ ప్రసక్తి తేనిది మేమే.

మన దేశములో జైళ్ళలో ఉన్నవారందరూ శిక్ష పడిన నేరస్థులేనని పలువురి భావన. 2022 నాటి జాతీయ గణాంకముల ప్రకారము వారిలో నూటికి 75 మందికి పైగా విచారణ ఖైదీలు. అనగా నేరము ఇంకను ఋజువు కానివారు. వీరిలో కొందరు ఏండ్ల తరబడి మగ్గుతుండగా, మరికొందరు సబ్‌జైలులో పది పదిహేను రోజులుండి బెయిలుపై వెళ్ళిపోతారు. మేము చెప్పబోయేది ఈ రెండవవారి మాట. దీర్ఘకాల ఖైదీని వైద్యుడు నేడు కాకున్నా వచ్చే నెలనైనా చూస్తాడు. పది రోజులవానిని చూచే తీరిక ఎవరికి? "ఎట్లాగూ వెళ్ళిపోయేవాడే గదా" అన్న ఒక్క మాటతో అతని వైద్యము ముగుస్తుంది.

హెచ్.ఐ.వి. ఈ వాదమును ఒప్పుకోదు. 2004 ఏప్రిల్ నుండి ప్రభుత్వము ఉచితముగా ఇస్తున్న ఏ.ఆర్.టి. మందులు వైరస్‌ను నిర్మూలించవు. అణచి ఉంచుతాయి, అంతే. నేడు పెక్కుమందికి రోజుకొక మాత్ర చాలును. దానిని విడువక వాడి, రక్తములో వైరస్ కానరాని స్థితికి చేరిన వ్యక్తి నుండి దాంపత్యములో అది సోకదు. మాత్ర ఆగిందా, సాధారణముగా రెండు నుండి నాలుగు వారములలో వైరస్ తిరిగి విజృంభిస్తుంది. పద్నాలుగు రోజుల రిమాండును ఒక్కమారు పొడిగిస్తే ఆ గడువు తీరినట్లే.

చట్టము లేదా? ఉన్నది. 2017 నాటి హెచ్.ఐ.వి., ఎయిడ్స్ చట్టము ప్రభుత్వ నిర్బంధములో ఉన్న ప్రతి వ్యక్తికి, విచారణ ఖైదీలతో సహా, పరీక్షకు, చికిత్సకు హక్కు ఇచ్చింది. విషయమును గోప్యముగా ఉంచమని కూడ చెప్పింది. చిక్కంతా అక్కడనే ఉన్నది. వార్డరు ఎదుట, వెనుక వరుసలో నిలిచిన తోటి ఖైదీల ఎదుట "నాకీ జబ్బు ఉన్నది" అని ఎవడు చెప్పగలడు? దొంగతనము మోపబడినవాడు దొంగ కాడని రేపు కోర్టు చెప్పవచ్చును. ఈ పేరు పడితే తుడిచే కోర్టు లేదు. అతడు మౌనము వహిస్తాడు. మాత్రల డబ్బా ఇంటిలోనే ఉండిపోతుంది.

బయటి పేదవానికే దిక్కు లేనప్పుడు జైలువానిపై ఇంత జాలి దేనికని మిత్రులొకరు మమ్ము అడిగారు. బయటి పేదవాడు కాళ్ళీడ్చుకొనియైనా ఆసుపత్రికి పోగలడు. ఇతని కాళ్ళు కట్టినది మనము.

పెద్ద ఆసుపత్రులు కట్టమని మేము అడుగుట లేదు. వచ్చిన రోజుననే, ఆరోగ్య సిబ్బంది తప్ప వేరెవరూ లేని గదిలో, "ప్రతిరోజూ వేసుకొనే మందులేమైనా ఉన్నవా?" అని అందరినీ అడిగితే చాలును. రక్తపోటువాడు, చక్కెర వ్యాధివాడు, ఇతడు - ముగ్గురికీ ఒకే ప్రశ్న. ములాఖత్‌కు వచ్చిన తల్లి తెచ్చిన మాత్రలను వైద్యుడు చూచి లోనికి పంపవచ్చును.

విడుదల వేళ మరొక గండము. అమెరికాలోని టెక్సాస్ జైళ్ళలో ఈ మందు వాడుతూ 2004-2007 మధ్య విడుదలైన 2,115 మందిలో, పది రోజులలోపు బయట మందు తీసుకొన్నవారు నూటికి 5గురు మాత్రమేనని 2009లో ఒక పరిశోధన తేల్చింది. ఇక్కడ బెయిలు కాగితము జైలుకు చేరేసరికి సాయంత్రమైతే, ఏ.ఆర్.టి. కేంద్రము అప్పటికే మూసి ఉంటుంది. గేటు దాటేవాని చేతిలో కనీసము పదిహేను రోజుల మాత్రలు, కేంద్రమునకు ఒక చీటీ ఉండాలి. మరునాడు ఆదివారమైనా కావచ్చును గదా.