పతకం రాకముందే పక్కన నిలబడదాం

పది మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో పది పాయింట్లు తెచ్చే నడిమి చుక్క వెడల్పు అర మిల్లీమీటరు. పెన్సిల్ మొన ఆనిస్తే పడే మచ్చంత. అయిదు కిలోల దాకా తూగే రైఫిల్‌ను భుజానికి ఆనించుకుని, నిలబడే, 75 నిమిషాల్లో 60 సార్లు ఆ చుక్కకు గురిపెట్టాలి. ఊపిరి కాస్త గట్టిగా తీసినా, గుండె దడ చేతికి పాకినా, మడమ వెంట్రుకవాసి కదిలినా గురి తప్పుతుంది. ఈ ఆటలో పరుగులుండవు, గెంతులుండవు. టీవీ ముందు కూర్చున్నవాళ్లు కేకలు వేసే సందర్భాలూ తక్కువే. అందుకేనేమో, ఇంత కఠినమైన ఆటను మనం నాలుగేళ్లకోసారి, అదీ పతకం వచ్చిన సాయంత్రమే తలుచుకుంటున్నాం. ఈ అలవాటు మానుకుందామని అడగడానికే ఈ నాలుగు మాటలు.

2021 జులైలో టోక్యోలో మను భాకర్‌కు ఏం జరిగిందో ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. పది మీటర్ల ఎయిర్ పిస్టల్ అర్హత పోటీ మధ్యలో ఆమె పిస్టల్ మొరాయించింది. దాన్ని బాగుచేయించుకుని మళ్లీ తన స్థానానికి వచ్చేసరికి ఎన్నో నిమిషాలు కరిగిపోయాయి. అవతల గడియారం ఆగదు. మిగిలిన కొద్ది సమయంలోనే మిగిలిన షాట్లన్నీ పూర్తిచేసి 575 పాయింట్లు సాధించింది. పన్నెండో స్థానం. రెండు పాయింట్ల తేడాతో ఫైనల్ చేజారింది. అప్పటికి ఆమెకు పంతొమ్మిదేళ్లు. ఆ వయసు పిల్ల మన ఇంట్లో పరీక్ష తప్పితే దగ్గర కూర్చోబెట్టుకుని ధైర్యం చెబుతాం. మనుకు మాత్రం సోషల్ మీడియాలో దక్కింది దెప్పిపొడుపు. తుపాకీ పాడైందనేది సాకు అన్నవాళ్లూ ఉన్నారు.

మూడేళ్లు గడిచాయి. టోక్యోకు ముందే దూరమైన కోచ్ జస్పాల్ రాణా దగ్గరికి ఆమె మళ్లీ చేరింది. 2024 జులై 28న పారిస్ ఒలింపిక్స్ షూటింగ్ వేదిక షాటోరూలో అదే ఎయిర్ పిస్టల్ విభాగంలో కాంస్యం గెలిచింది. కేవలం 0.1 పాయింటు తేడాతో రజతం చేజారింది. రెండు రోజులకే సరబ్‌జోత్ సింగ్‌తో కలిసి మిక్స్‌డ్ టీమ్‌లో ఇంకో కాంస్యం. స్వతంత్ర భారతంలో ఒకే ఒలింపిక్స్‌లో రెండు పతకాలు తెచ్చిన మొదటి క్రీడాకారిణి అయింది. టోక్యోలో నోరు పారేసుకున్నవాళ్లే అప్పుడు ‘మన అమ్మాయి’ అన్నారు. ఓడిన రోజున కూడా ఆమె మన అమ్మాయే కదా!

అదే పారిస్‌లో మరికొన్ని పేర్లున్నాయి. పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో అర్జున్ బబూతా నాలుగో స్థానం. స్కీట్ మిక్స్‌డ్ టీమ్‌లో మహేశ్వరి చౌహాన్, అనంత్‌జీత్ సింగ్ నరూకా జంట కాంస్య పోరులో చైనా చేతిలో 43-44తో, అంటే ఒకే ఒక్క పాయింటు తేడాతో ఓడింది. వీళ్లకు విమానాశ్రయంలో దండలు వేసినవాళ్లు తక్కువ. కానీ లెక్క చూడండి, ప్రపంచమంతటి నుంచి వచ్చినవాళ్లలో నాలుగో స్థానం! మన ఊరి బడిలో నాలుగో ర్యాంకు వచ్చిన పిల్లాడికి మిఠాయి పంచే మనం ఇక్కడ ఎందుకు మొహం తిప్పుకుంటున్నాం?

ఓటమిని భరించే ఓపిక మనకుంటేనే షూటర్‌కు గెలిచే వ్యవధి దొరుకుతుంది. అభినవ్ బింద్రా 2004లో ఏథెన్స్ ఫైనల్‌కు చేరి ఏడో స్థానంతో తిరిగొచ్చారు. నాలుగేళ్ల తర్వాత బీజింగ్‌లో, చివరి షాట్‌కు ముందు ఫిన్లాండ్ షూటర్‌తో సమానంగా ఉన్న క్షణంలో, 10.8 కొట్టి దేశానికి తొలి వ్యక్తిగత ఒలింపిక్ స్వర్ణం తెచ్చారు. కొల్హాపూర్ జిల్లా కంబల్‌వాడి అనే పల్లె నుంచి వచ్చిన స్వప్నిల్ కుసాలే రైల్వేలో టికెట్ కలెక్టరుగా పనిచేస్తూ ఏళ్లకేళ్లు సాధన చేసి, పారిస్‌లో 50 మీటర్ల రైఫిల్ త్రీ పొజిషన్స్‌లో కాంస్యం గెలిచారు. ఆ విభాగంలో మన దేశానికి అదే తొలి ఒలింపిక్ పతకం.

ఇంత దూరం వెళ్లినవాళ్ల రోజు ఎలా గడుస్తుందో దగ్గరి నుంచి చూడాలి. పోటీలు లేని నెలల్లో కూడా షూటర్ ఇంట్లో తెల్లగోడకు ఎదురుగా నిలబడతాడు. తుపాకీలో పెల్లెట్ ఉండదు. పాదాలు సర్దుకుంటాడు, చెయ్యి లేపుతాడు, ఊపిరి సగం వదిలి ఆపుతాడు, ట్రిగ్గర్ మీద వేలు మెల్లగా బిగిస్తాడు. ‘టిక్’ అన్నాక కూడా వెంటనే చెయ్యి దించడు, రెండు మూడు క్షణాలు అలాగే నిలుస్తాడు. దీన్ని డ్రై ఫైరింగ్ అంటారు. గంటల తరబడి ఇదే పని. చప్పట్లు కొట్టేవాళ్లుండరు, స్కోరు చూపే తెర ఉండదు. ఈ గది బయట, ఈ మౌనానికి కాపలాగా నిలబడవలసింది కుటుంబం, బడి, ఊరు, సమాజం. పోటీస్థాయి ఎయిర్ రైఫిల్ కొనాలంటే లక్షల్లో మాట. జాకెట్టు, బూట్లు, పెల్లెట్లు, ప్రయాణాలు, కోచ్ ఫీజు వేరే. ఒక్క మధ్యతరగతి ఇంటి మీదే ఈ బరువంతా మోపి, పతకం మాత్రం దేశానిదనడం న్యాయం కాదు.

మన తెలుగు నేల సంగతికొద్దాం. 2012 లండన్‌లో కాంస్యం గెలిచిన గగన్ నారంగ్ హైదరాబాద్‌లో పెరిగినవాడు. పోటీల నుంచి తప్పుకోకముందే ‘గన్ ఫర్ గ్లోరీ’ అకాడమీ పెట్టి తర్వాతి తరాన్ని తయారుచేయడం మొదలుపెట్టాడు. ఆ అకాడమీలో సాధన చేసిన ధనుష్ శ్రీకాంత్ పుట్టుకతోనే వినికిడి లేని పిల్లాడు. 2022లో బ్రెజిల్‌లో జరిగిన డెఫ్లింపిక్స్‌లో స్వర్ణం గెలిచాడు, 2025లో టోక్యో డెఫ్లింపిక్స్‌లోనూ మళ్లీ స్వర్ణమే. మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ పదమూడేళ్లకే జాతీయ ఛాంపియన్. హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో ఒక స్వర్ణం, మూడు రజతాలు తెచ్చింది. పారిస్‌లో ఫైనల్‌కు చేరలేకపోయింది. అక్కడితో మనలో చాలామంది ఆమె సంగతి వదిలేశారు. 2025 సెప్టెంబరులో చైనాలోని నింగ్బోలో ఆమె ప్రపంచకప్ స్వర్ణం గెలిచిన వార్త మీలో ఎందరి దాకా వచ్చింది?

ఆదుకునే చేతులు ముందుంటే పతకాలు వెనకాలే వస్తాయనడానికి సాక్ష్యం కోసం దూరం పోనక్కర్లేదు. గచ్చిబౌలిలో గోపీచంద్ బ్యాడ్మింటన్ అకాడమీకి స్థలం ప్రభుత్వం ఇచ్చింది, డబ్బు ఒక పారిశ్రామికవేత్త ఇచ్చారు, గోపీచంద్ తన ఇల్లే తాకట్టు పెట్టారు. అక్కడ సాధన చేసిన సైనా 2012లో, సింధు 2016లో ఒలింపిక్ పతక వేదికెక్కారు. బ్యాడ్మింటన్‌కు చేయగలిగింది షూటింగ్‌కు ఎందుకు చేయలేం?

చేయగలిగినవి చాలా ఉన్నాయి. పది మీటర్ల రేంజ్‌కు స్టేడియం అక్కర్లేదు, పొడవైన హాలు, గట్టి వెనకగోడ, కచ్చితమైన భద్రతా నియమాలు తెలిసిన శిక్షకుడు చాలు. సంక్రాంతికి, జాతరకు ఇంటింటా చందాలు పోగుచేసి పది రోజుల్లో పందిరి లేపే ఊళ్లు మనవి. ఆ ఊళ్లే కలిసి మండలానికో రేంజ్ నిలబెట్టలేవా? పూర్వ విద్యార్థుల సంఘాలు తమ బడిలో ఒక ఎయిర్ రైఫిల్, ఒక ఎయిర్ పిస్టల్ ఉమ్మడిగా కొనిపెట్టవచ్చు. అమెరికాలో, గల్ఫ్‌లో ఉన్న మన తెలుగువాళ్లు ఒక్కొక్క క్రీడాకారుడి ఏడాది పెల్లెట్ల ఖర్చు భరించవచ్చు. ఉద్యోగం ఇచ్చే సంస్థలు రైల్వే దారిలో నడిచి, సాధనకు సెలవిచ్చే కొలువులు ఇవ్వవచ్చు.

తల్లిదండ్రులకో మాట. తుపాకీ పేరు వినగానే భయపడకండి. రేంజ్‌లో అడుగుపెట్టిన పిల్లలకు మొదట నేర్పేది తుపాకీ మూతి ఎప్పుడూ టార్గెట్ వైపే ఉండాలని, ఆజ్ఞ లేకుండా పెల్లెట్ నింపకూడదని. ఇంత ఒద్దిక నేర్పే ఆటలు తక్కువ. ర్యాంకుల రొదలో నలుగుతున్న పిల్లలకు రోజుకు గంటసేపు తమ ఊపిరి తాము వినే వ్యవధి దొరుకుతుంది. ఇంటర్ రెండేళ్లు ఆట మాన్పించే ఆనవాయితీకి స్వస్తి చెప్పండి. షూటర్లు మొగ్గ తొడిగేది సరిగ్గా ఆ వయసులోనే.

2028లో లాస్ ఏంజిలిస్ ఒలింపిక్స్. అక్కడికి వెళ్లబోయే పిల్లలు ఈ రోజు కూడా ఎక్కడో గోడకు ఎదురుగా నిలబడే ఉన్నారు. ఈ వారమే మీ జిల్లాలో రైఫిల్ క్లబ్ ఎక్కడుందో కనుక్కోండి. రాష్ట్రస్థాయి పోటీలు జరిగినప్పుడు మీ పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లి గ్యాలరీలో కూర్చోండి. ఎనిమిదో స్థానంలో నిలిచిన కుర్రాడి దగ్గరికీ వెళ్లి చెయ్యి కలపండి, అతని పేరు రాసుకోండి, వచ్చే ఏడాది మళ్లీ వెళ్లి అదే పేరుతో పలకరించండి.