ఒళ్లు రుద్దితే పోయేది కాదు

మా అమ్మాయికి ఏడేళ్లు, రెండో తరగతి. కొన్ని వారాల కిందట ఒక ఉదయం స్నానం చేయిస్తుంటే ‘అమ్మా, మంట పుడుతోంది, వదులు’ అని ఏడ్చింది. చూస్తే మెడ వెనక చర్మం ఎర్రగా కందిపోయింది. నా చేతిలోని బీరపీచు ఎంతసేపటినుంచి అక్కడే తిరుగుతున్నదో నాకే తెలియదు.

ముందురోజు సాయంత్రం అది బడి నుంచి ఒక ప్రశ్న మోసుకొచ్చింది. ‘అమ్మా, మనమేమిటోళ్లం? నా పక్కన కూర్చునే అమ్మాయి అడిగింది.’ నేను జవాబు చెప్పలేదు. హోంవర్కు చేసుకోమన్నాను. చెప్పని ఆ జవాబే మర్నాడు నా చేతుల్లోకి వచ్చింది.

ముప్పయ్యేళ్ల కిందట గుంటూరు జిల్లాలోని ఒక ఊరి హైస్కూలులో నేను ఆరో తరగతి చదివాను. స్కాలర్‌షిప్పుల జాబితా వచ్చిన రోజున ఎస్సీ పిల్లలను లేచి నిలబడమన్నారు. తొమ్మిదిమందిమి నిలబడ్డాం. ‘ప్రభుత్వం వారి అల్లుళ్లు’ అని మాస్టారు నవ్వితే తరగతంతా నవ్వింది. ఆ డబ్బుతో సబ్బులైనా కొనుక్కోండి, మీ బెంచీల దగ్గరికి రాలేకపోతున్నాను అని కూడా అన్నారు. ఇంటికి వెళ్లి అమ్మకు చెప్పాను. మిరప కోతల నుంచి అప్పుడే వచ్చిన అమ్మ ఒక్క మాటా మాట్లాడలేదు. బోరింగు దగ్గర కూర్చోబెట్టి, కోతల ఘాటు ఇంకా వదలని ఆ చేతులతోనే నా ఒళ్లు రుద్దింది. ఆ మంట మూడు రోజులు ఉంది.

ఆ సంగతి మరిచిపోయాననే అనుకున్నాను. పీజీ చేశాను. డిగ్రీ కళాశాలలో పాఠాలు చెబుతున్నాను. కానీ పిల్ల బడిలో అడుగుపెట్టిన నాటినుంచి నాలో ఏదో మేల్కొన్నది. దాని యూనిఫారం ఇస్త్రీ చెదిరితే కోపం. గోళ్లలో మట్టి కనిపిస్తే కోపం. టిఫిన్ డబ్బాలో ఎండుచేపల కూర పెట్టడానికి చెయ్యి రాదు. దీనికి శుభ్రత అని పేరు పెట్టుకున్నాను. కాదు, భయం. మాస్టారు అన్న మాటకు మా అమ్మ నా ఒంటి మీద జవాబు వెతికింది. నేను నా బిడ్డ ఒంటి మీద వెతుకుతున్నాను. అవమానించినవారు ఎక్కడో నిశ్చింతగా ఉన్నారు. శిక్ష మాత్రం మా ఇంట్లో తరం నుంచి తరానికి అందుతున్నది.

ఇటువంటి గాయాలను వ్యక్తిగత మానసిక సమస్యగా చూడటం నేడు అలవాటయింది. వైద్యుల సాయం అవసరమైనవారు తప్పక తీసుకోవాలి. అయితే ఈ గాయం ఒక మనిషి మనసులో పుట్టినది కాదు. సాతారా బడిలో గోనెపట్టా మీద విడిగా కూర్చున్న సంగతిని, ప్యూను లేకపోతే దాహంతో ఉండిపోవలసి వచ్చిన సంగతిని డాక్టర్ అంబేడ్కర్ నలభై ఏళ్లు దాటాక అక్షరాల్లో పెట్టారు. విదేశీ పట్టాలు, న్యాయవాద వృత్తి, దేశవ్యాప్త నాయకత్వం ఆ దాహాన్ని మరపించలేదు. 2016 జనవరి 17న హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ప్రాణం తీసుకున్న రోహిత్ వేముల కూడా చివరి లేఖలో బాల్యపు ఒంటరితనాన్ని ప్రస్తావించాడు. మన చర్చ విశ్వవిద్యాలయం గేటు దగ్గర మొదలవుతుంది. గాయం అంతకు చాలా ముందే, పలకా బలపం నాడే మొదలవుతుంది.

చట్టాలు లేకపోలేదు. 2009 నాటి విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ పిల్లలను కొట్టడంతోపాటు మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. కానీ బెత్తం దెబ్బ కనిపిస్తుంది; కులం పేరు చెప్పి నవ్వే నవ్వుకు వాత తేలదు. ఉన్నత విద్యాసంస్థల్లో వివక్షను అరికట్టడానికి యూజీసీ 2012లో నిబంధనలు తెచ్చింది. 2023లో నాంగునేరిలో దళిత విద్యార్థిపై తోటి విద్యార్థుల దాడి తర్వాత తమిళనాడు ప్రభుత్వం జస్టిస్ చంద్రు కమిటీని వేసింది. పాఠశాలల పేర్లలో కులాన్ని తొలగించాలని, పిల్లలు కులాన్ని సూచించే రంగుదారాలు కట్టుకోకుండా చూడాలని ఆ కమిటీ 2024లో సిఫారసు చేసింది. తెలుగు రాష్ట్రాలు రెండూ ఆ నివేదికనైనా ముందు పెట్టుకుని తమ బడుల వైపు చూడాలి. స్కాలర్‌షిప్పుల వివరాలు తరగతిలో చదవకుండా తల్లిదండ్రులకు విడిగా తెలియజేయడానికి పైసా ఖర్చు లేదు. డీఈడీ, బీఈడీ చదివేవారికి గణితం ఎలా చెప్పాలో నేర్పినట్లే, తరగతిలో కులం ఏయే రూపాల్లో నోరు విప్పుతుందో గుర్తించడమూ నేర్పాలి.

మరొక మాట. మా అమ్మాయిని అడిగిన పిల్ల మీద నాకు కోపం లేదు. ఏడేళ్ల పిల్లకు ఆ ప్రశ్న తనంతట తట్టదు. అది ఆ ఇంటి భోజనాల దగ్గర విన్న మాట. కులం గురించి పిల్లలకు ఏం చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి అనే బెంగ దళిత తల్లిదండ్రులకే ఎందుకు ఉండాలి? తమ పిల్లలు బడికి ఏ ప్రశ్నలు పట్టుకెళుతున్నారో మిగతా ఇళ్లవారు కూడా ఒకసారి వినాలి.

ఆ ఆదివారం పాపను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాను. మనం మాదిగలం. మీ ముత్తాత చెప్పులు కుట్టాడు, డప్పు వాయించాడు. మీ అమ్మమ్మ మిరప కోసి నన్ను చదివించింది. ఇందులో కడుక్కోవలసింది ఏమీ లేదు. ఎవరైనా అడిగితే చెప్పు, నవ్వితే ఇంటికి వచ్చి నాతో చెప్పు, నేను బడికి వస్తాను. అంతా విని, ‘మరి అమ్మమ్మకు చేతులు మండేవి కాదా?’ అని అడిగింది. మండేవని చెప్పాను. ఇప్పుడు స్నానం తనే చేస్తోంది. చెవుల వెనక సబ్బు నురగ ఉండిపోతే తువ్వాలుతో తుడిచి ఊరుకుంటున్నాను.