మలుపు మాటున ముప్పు

చీరాల: చీరాల, పేరాల, జాండ్రపేటలలోని పాత వీధులు ఎద్దుబండ్ల కాలం నాటివి. నేతన్నలు పడుగులు సాచుకొనేందుకు వీలుగా ఉండేవే తప్ప గంటకు 50 కిలోమీటర్ల వేగాన్ని ఊహించి వేసినవి కావు. నేడు అదే వంపుల మీదుగా ఆటోలు, పాఠశాల బస్సులు, ఇసుక ట్రాక్టర్లు దూసుకుపోతున్నాయి. వారాంతాల్లోనూ, కార్తీక మాసంలోనూ వాడరేవు, రామాపురం తీరాలకు వచ్చే కార్ల రద్దీ వీటికి తోడవుతోంది. ఈ కార్లు నడిపే వారిలో చాలామందికి దారి కొత్త. మలుపు దగ్గర ఇళ్లున్నవారి గోడు ఒక్కటే. ఎదురుగా వచ్చే వాహనం గుమ్మం ముందుకు వచ్చేదాకా కనిపించదు.

ఈ భయం ఉత్తదేమీ కాదు. ప్రమాదాన్ని గుర్తించి బ్రేకు వేసేందుకు చోదకునికి రెండున్నర సెకన్లు పడుతుందన్నది ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క. 50 కిలోమీటర్ల వేగంలో ఆ వ్యవధిలోనే వాహనం 35 మీటర్లు ముందుకు వెళ్తుంది. పూర్తిగా ఆగేందుకు 60 మీటర్లు కావాలి. 30 కిలోమీటర్ల వేగమైతే 30 మీటర్లు చాలు. ప్రహరీ గోడ, సర్కారు తుమ్మ కంప, రోడ్డు వార నిలిపిన లారీ, పుట్టినరోజు ఫ్లెక్సీ కలిసి చూపును పాతిక మీటర్లకు కుదిస్తే 30 కిలోమీటర్ల వేగం కూడా ఎక్కువే. పైగా వేగం రెట్టింపయితే వాహనాన్ని మలుపు వెలుపలికి నెట్టే బలం నాలుగింతలవుతుంది.

స్పీడ్ బ్రేకర్ ఒక్కటే మందా?

ప్రమాదం జరిగిన మర్నాడు ఎక్కడైనా వినిపించే డిమాండ్ స్పీడ్ బ్రేకర్. రాత్రికి రాత్రి సిమెంటు దిమ్మె వెలుస్తుంది. అది మలుపు తిరగగానే ఎదురైతే ద్విచక్ర వాహనదారుడు వంగిన బండితోనే దానిపై పడతాడు. నిబంధనల ప్రకారం దాని ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు ఉండాలి. 40 మీటర్ల ముందే హెచ్చరిక బోర్డు పెట్టాలి. కొలతలు పాటించని దిమ్మె మేలుకన్నా కీడే ఎక్కువ చేస్తుంది. కంప కొట్టించడం, మలుపు వెలుపలి అంచున బాణం గుర్తుల బోర్డులు, కుంభాకార దర్పణం, ఒక వీధి దీపం, నడుమ తెల్ల గీత. వీటి ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ.

అయితే ఎవరు చేయాలన్న దగ్గరే చిక్కు. పట్టణ వీధి పురపాలక సంఘానిది, శివారు దారి పంచాయతీది, పెద్ద రోడ్డు రహదారులు భవనాల శాఖది. తీరం వెంట సాగే 216, పిడుగురాళ్ల నుంచి వాడరేవుకు వచ్చే 167ఎ జాతీయ రహదారులు. ఒకే దారిపై సరిహద్దు మారిన చోట అర్జీ కూడా చేతులు మారుతుంది.

అంతకన్నా పెద్ద లోపం లెక్కల్లో ఉంది. జాతీయ రహదారిపై 500 మీటర్ల పరిధిలో మూడేళ్లలో మరణాలు లేదా తీవ్ర గాయాలతో కూడిన ప్రమాదాలు ఐదు జరిగినా, పది మంది మరణించినా దాన్ని బ్లాక్ స్పాట్‌గా గుర్తిస్తారు. అంటే యంత్రాంగం కదలాలంటే ముందు రక్తం చిందాలి. వీధి మలుపునకు ఆ హోదా కూడా దక్కదు. కాలు విరిగినా పెద్దమనుషుల సమక్షంలో రాజీ కుదిరి ఆసుపత్రి ఖర్చులతో వ్యవహారం ముగుస్తుంది. స్టేషన్‌లో నమోదు కాని ప్రమాదం ప్రభుత్వం దృష్టిలో జరగనట్లే!

2024 మే 15 తెల్లవారుజామున చిన్నగంజాం నుంచి హైదరాబాద్ వెళ్తున్న ప్రైవేటు బస్సు చిలకలూరిపేట మండలంలో టిప్పర్‌ను ఢీకొని దగ్ధమైంది. ఓటు వేసి తిరిగి వెళ్తున్నవారు సహా ఆరుగురు ప్రాణాలు కోల్పోయారు. అంతటి ఘోరం జరిగితే తప్ప మన రోడ్ల గురించి చర్చ జరగడం లేదు.

చట్టంలో ఆయుధం లేకపోలేదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలోని 198ఎ సెక్షన్ ప్రకారం, రోడ్డు నిర్మాణ, నిర్వహణ ప్రమాణాలు పాటించకపోవడం వల్ల ఎవరైనా మరణించినా, వికలాంగులైనా బాధ్యులైన సంస్థకు, గుత్తేదారుకు లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. వీధి పెద్దలు ఈ సెక్షన్‌ను ఉటంకించి, చిన్న ప్రమాదాలను సైతం పోలీసుల వద్ద నమోదు చేయించి, మలుపులో చూపు ఆనే దూరాన్ని టేపుతో కొలిచి అర్జీలో రాస్తే ‘పరిశీలిస్తాం’ అన్న ఒక్క ముక్కతో దాన్ని పక్కన పెట్టడం అధికారులకు అంత సులువు కాదు.