పొదుపు చేస్తే రైతుకేంటి?

తొలకరి పడిందంటే వజ్రకరూరు చేలల్లో జనం నేలచూపులు చూస్తూ తిరుగుతుంటారు. కడిగిన మట్టిలో ఎక్కడైనా వజ్రం తళుక్కుమంటుందేమోనని! వాన వెలిశాక అక్కడి రైతు వెతుక్కునేది మాత్రం నీళ్లనే. వందల అడుగుల లోతు నుంచి తోడాలంటే మోటారు తిరగాలి. కరెంటేమో ఉచితం. ఇక ఆపడం ఎందుకు?

1980ల్లో ఎన్టీఆర్ హయాంలో హార్స్‌పవర్‌కు ఏడాదికి 50 రూపాయలన్నప్పుడే యూనిట్ల లెక్క పోయింది. 2004 మే 14న వై.ఎస్. రాజశేఖరరెడ్డి తొలి సంతకంతో బిల్లే పోయింది. కరవు సీమకు అది పెద్ద ఊరటే, కాదనలేం. మర్నాటి ఏడు షరతులొచ్చాయి... కెపాసిటర్, ఐఎస్ఐ మోటారు, మంచి పైపు, ఫుట్‌వాల్వు పెట్టాలని. (సబ్‌మెర్సిబుల్ మోటారుకు ఫుట్‌వాల్వుతో పనేంటన్నది వేరే సంగతి!)

కెపాసిటర్ చిన్న డబ్బా. పెడితే లైను మీద భారం తగ్గి వోల్టేజీ మెరుగవుతుంది. కానీ ఒక్కరు పెడితే ఫలితం అంతంతే, ట్రాన్స్‌ఫార్మర్ కింద అందరూ పెట్టాలి. పెట్టినవారికీ పెట్టనివారికీ బిల్లు సున్నాయే కదా! 'నేనొక్కడినే ఎందుకు?' అని రైతు అనుకుంటే తప్పేముంది? పైగా ఆటో స్టార్టర్లు. కరెంటు రాగానే మోటార్లన్నీ ఒక్కసారే లేస్తాయి, వోల్టేజీ పడిపోతుంది, వైండింగ్ కాలుతుంది. ఆ రిపేరు ఖర్చు ఉచితం కాదు.

ఈ చిక్కుముడిని పంజాబ్ 2018లో మరోలా విప్పబోయింది. 'పానీ బచావో, పైసే కమావో' కింద ఎంపిక చేసిన ఫీడర్లలో హార్స్‌పవర్‌కు వానాకాలంలో నెలకు 200 యూనిట్ల కోటా ఇచ్చారు. మిగిల్చిన ప్రతి యూనిట్‌కు రైతుకు 4 రూపాయలు. అయిదు హార్స్‌పవర్ మోటారుకు కోటా వెయ్యి యూనిట్లు. 800తో సరిపెట్టుకుంటే చేతికి 800 రూపాయలు! కోటా దాటినా బిల్లు లేదు.

ఆంధ్రప్రదేశ్‌లో 2020లో నగదు బదిలీ అన్నారు, శ్రీకాకుళం జిల్లాలో మొదలుపెట్టారు. మీటరు పెట్టి బిల్లు సొమ్ము రైతు ఖాతాలో వేసి, అక్కడి నుంచి డిస్కంకు కట్టించే పద్ధతి అది. ఎంత కాలిస్తే అంత వస్తుంది, మిగిల్చినా రైతుకు ఒరిగేదేమీ లేదు. మీటరు చూస్తే రేపు బిల్లు తప్పదేమోనన్న భయం మాత్రం మిగిలింది.

వజ్రకరూరు లాంటి చోట ఇంకో పేచీ కూడా ఉంది. ఒకరు మోటారు ఆపితే మిగిలిన నీళ్లు పక్క చేను బోరు లాగేసుకోవచ్చు. అందుకే బహుమానం ఒక్కొక్కరికి కాక, ఒకే ట్రాన్స్‌ఫార్మర్ కింది రైతులందరికీ కలిపి ఇస్తే నయం. ఎవరి మోటారు ఏ వేళ తిరుగుతుందో వాళ్లకు మీటరు లేకున్నా తెలుసు.